కలబందకంటే ముందు నేలకు మేత

శ్రోతలకు నమస్కారం.

‘కలబందను ఎక్కడ పడేసినా బతుకుతుంది, దానికి ఎరువెందుకు?’ అనే మాట తరచుగా వింటుంటాను. అందులో సగం నిజమే. పీకి గోడమీద పెట్టి మరిచిపోయిన పిలక కూడా వారాల తరబడి పచ్చగా ఉంటుంది. కానీ బతకడం వేరు, గుజ్జు పట్టడం వేరు. పెరట్లో అందానికి పెంచుకునే మొక్క జోలికి మనం వెళ్లం. పొలంలోని మొక్క నుంచి మాత్రం ఏడాదికి మూడు నాలుగుసార్లు ఆకులు కోసుకుంటాం. కోసిన ప్రతి ఆకుతోపాటు నేలలోని పొటాష్, కాల్షియం, నత్రజని కొంత కొంత పొలం గట్టు దాటిపోతాయి. ఒకసారి నాటిన తోట మూడు నుంచి ఐదేళ్లు ఉంటుంది. అన్నేళ్లూ తీసుకోవడమే తప్ప ఇవ్వడం లేకపోతే ఆకు సన్నబడక ఏం చేస్తుంది?

ఏమివ్వాలో తెలియాలంటే మొక్క నడక తెలియాలి. కలబంద పుట్టిల్లు అరేబియా ద్వీపకల్పం. పగటి ఎండకు నీరు ఆవిరైపోకుండా ఆకుమీది సన్నని రంధ్రాలను మూసుకుంటుంది. రాత్రి చల్లబడ్డాక వాటిని తెరిచి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును తీసుకుని దాచుకుంటుంది. తెల్లవారి ఎండ వచ్చాక దానితో ఆహారం తయారు చేసుకుంటుంది. ఇంత పొదుపుగా బతికే మొక్క ఎదుగుదల కూడా నెమ్మదిగానే ఉంటుంది. అలాంటిదానికి రసాయన నత్రజనిని ఒక్కసారిగా కుమ్మరిస్తే, ఆకు ఏపుగా కనిపించినా మెత్తబడి కుళ్లు తెగుళ్లకు లొంగిపోతుంది. నెలల తరబడి కొద్దికొద్దిగా పోషకాలను వదిలే సేంద్రియ ఎరువే దీని నడకకు సరిపోతుందని నా నమ్మకం.

అయితే ఆ ఎరువు బాగా చివికినదై ఉండాలి. ఈ విషయంలో నేను మొహమాటం లేకుండా చెబుతాను. పచ్చి పేడ వేయడం కంటే ఏమీ వేయకపోవడమే మేలు. పచ్చి పేడ నేలలో కుళ్లేటప్పుడు వేడి పుడుతుంది, కలుపు విత్తనాలు మొలకెత్తుతాయి, వేరుపురుగు చేరుతుంది. కుప్పలో ఉన్నప్పుడే 55 నుంచి 60 డిగ్రీల వేడి పుట్టి, తిరగేసినప్పుడల్లా మళ్లీ వేడెక్కి, చివరకు చల్లబడిన ఎరువులో కలుపు విత్తనాలు చాలావరకు చచ్చిపోతాయి. చివికిందో లేదో తెలుసుకోవడానికి పరీక్షలేమీ అక్కర్లేదు. గుప్పెడు తీసి పిడికిట్లో బిగించండి. వేడి తగలకూడదు, గడ్డీ పేడా విడిగా గుర్తుపట్టేలా ఉండకూడదు, తొలకరి వాన తడిపిన మట్టి వాసన రావాలి.

ఎకరానికి నాలుగైదు టన్నుల పశువుల ఎరువును ఆఖరి దుక్కిలో కలపండి. వానపాముల ఎరువు దొరికితే టన్ను వరకు మొక్కల మొదళ్లకు అందేలా సాళ్లలో వేయండి. కలబంద వేర్లు లోతుకు పోవు, పైపొరలోనే పరుచుకుంటాయి. కాబట్టి లోతు దుక్కి అవసరం లేదు, ఎరువును అడుగున పాతిపెట్టడం వల్ల ప్రయోజనమూ లేదు. నీరు నిలిచే నేల మాత్రం దీనికి పనికిరాదు. అలాంటి చోట బోదెలు ఎత్తి వాటిమీద నాటుకోవాలి.

ఇప్పుడు జీవన ఎరువుల దగ్గరకు వద్దాం. పేరులో ఎరువు అని ఉన్నా ఇవి మొక్కకు తిండి కాదు, తిండి వండిపెట్టే ప్రాణులు. అజటోబాక్టర్ అనే బాక్టీరియా నేలలో స్వేచ్ఛగా తిరుగుతూ గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. అజోస్పైరిల్లం వేళ్లను అంటిపెట్టుకుని ఆ పనే చేస్తూ, వేళ్లు గుబురుగా పెరిగేందుకు తోడ్పడే పదార్థాలనూ విడుదల చేస్తుంది. నేలలో భాస్వరం ఉన్నా చాలాసార్లు అది మట్టికి అంటుకుని మొక్కకు అందదు. భాస్వరాన్ని కరిగించే బాక్టీరియా ఆమ్లాలను వదిలి ఆ ముడి విప్పుతుంది. ఇక మైకోరైజా ఒక శిలీంధ్రం. అది వేరులోకి చొచ్చుకుని, వేరు చేరలేని మట్టి సందుల్లోకి దారాల్లాంటి పోగులను పంపి, అక్కడి భాస్వరాన్నీ తేమనూ తెచ్చి ఇస్తుంది. వేళ్లు అంతగా విస్తరించని కలబందకు ఈ తోడు ఎంత విలువైనదో ఊహించండి. రైజోబియం మాత్రం దీనికి కొనకండి. అది పప్పుజాతి మొక్కల వేరుబుడిపెలలో పనిచేసేది.

ఒక సంగతి మనసులో పెట్టుకోండి. ఈ ప్రాణులకూ ఆకలి ఉంటుంది. సేంద్రియ పదార్థం లేని వట్టి నేలలో జీవన ఎరువు చల్లితే, పొలానికి కూలీలను పిలిచి అన్నం పెట్టకుండా పని చేయమన్నట్టే. జీవన ఎరువు వాడి ఫలితం లేదన్నవారిని అడిగి చూస్తే, తరచుగా కారణం ఇక్కడే దొరుకుతుంది. అందుకే అజోస్పైరిల్లం, భాస్వర బాక్టీరియా ఒక్కొక్కటి రెండు కిలోల చొప్పున తీసుకుని, వంద నుంచి రెండు వందల కిలోల చివికిన ఎరువులో కలపండి. నీళ్లు చిలకరించి, నీడలో కుప్ప పోసి, తడి గోనెపట్టా కప్పి వారం ఉంచండి. ఆ వారంలో అవి తిని పెరిగి లక్షలు కోట్లు అవుతాయి. సాయంకాలం, నేలలో తేమ ఉన్నప్పుడు ఎకరం మీద వేయండి. ప్యాకెట్ మీది గడువు తేదీ చూసి కొనండి, ఎండలో పెట్టకండి, రసాయన ఎరువులతోనూ తెగుళ్ల మందులతోనూ కలపకండి. చచ్చిన బాక్టీరియా వట్టి పొడితో సమానం.

వేరుకుళ్లు భయం ఉన్నచోట తొంభై కిలోల పశువుల ఎరువు, పది కిలోల వేపపిండి, కుళ్లు తెగుళ్లను అణిచే శిలీంధ్రం ట్రైకోడెర్మా విరిడి రెండు కిలోలు కలిపి ఇదే పద్ధతిలో వృద్ధి చేసి వేసుకోవచ్చు.

నాటడానికి తల్లి మొక్క పక్కన వచ్చిన, నాలుగైదు ఆకుల పిలకలు తీసుకోండి. తీసిన వెంటనే నాటకండి. రెండు మూడు రోజులు నీడలో ఆరబెడితే తెగినచోట గాయం మానుతుంది. పచ్చిగాయంతో నాటి నీళ్లు పెట్టిన పిలకలు వరసగా కుళ్లిపోవడం నేను కళ్లారా చూశాను. వాటిని పీకి చూస్తే మొదలంతా జిగురుగా మారిపోయి ఉంది. ఆరిన పిలకల వేళ్లను నాటేముందు అజోస్పైరిల్లం కలిపిన నీటిలో అరగంట ఉంచవచ్చు. వరసల మధ్యా, మొక్కల మధ్యా రెండడుగులు వదిలి నాటితే ఎకరానికి సుమారు 11 వేలు పడతాయి. తర్వాత నీరు తక్కువగా, నేల ఆరాకే ఇవ్వండి. కొత్తగా వచ్చే పిలకలను ఎప్పటికప్పుడు తీసివేయకపోతే తల్లి తిండి అవే తినేస్తాయి.

ఎనిమిది నెలల నుంచి ఏడాది మధ్యలో మొదటి కోత వస్తుంది. అడుగున ముదిరిన ఆకులనే కోసి, కోసిన వైపు కిందికి ఉండేలా నిలబెట్టండి. పసుపురంగు పాలు కారిపోవాలి. అవి చేదుగా ఉంటాయి, కడుపులోకి పోతే విరేచనాలు అవుతాయి. ఆకులను నిలవ ఉంచకుండా అదే రోజు గుజ్జు తీయడం మంచిది. కోత అయిన ప్రతిసారీ మొదలుకు జానెడు దూరంలో రెండు దోసిళ్ల వానపాముల ఎరువు వేసి మట్టి కప్పి, పలచగా తడి ఇవ్వండి. మధ్యలోంచి లేచే కొత్త ఆకుకు అది అందుతుంది.

గుజ్జు తీశాక మిగిలిన తొక్కలను పారేయకండి. వాటిలో నీరు ఎక్కువ కాబట్టి ఎండుటాకులు, కొంచెం పేడ కలిపి పొరలు పొరలుగా కుప్ప వేయండి. మధ్యమధ్య తిరగేస్తూ ఉంటే కొన్ని నెలల్లో నల్లగా చివికిపోతుంది. ఏ సాళ్లలోంచి ఆకు కోశారో ఆ సాళ్లలోకే దాన్ని మళ్లీ చేర్చండి. నమస్కారం.