సొంత సర్వర్‌లో పాటలున్నాయి, డెస్క్‌టాప్‌లో ఏ యాప్‌తో వినాలి?

హాయ్ అందరికీ! నావిడ్రోమ్ (ఇంట్లోనే నడిపే మ్యూజిక్ సర్వర్) పెట్టేశారు, పాటలన్నీ స్కాన్ అయిపోయాయి, బ్రౌజర్‌లో 4533 పోర్ట్ కొడితే ప్లే కూడా అవుతున్నాయి. మరి విడిగా యాప్ ఎందుకు? పాటకీ పాటకీ మధ్య గ్యాప్ రాకుండా వినడం (గ్యాప్‌లెస్) కోసం, నా వరకు అదే అసలు విషయం.

ముందు మీ సర్వర్ ఏంటో చూసుకోండి. నావిడ్రోమ్, గోనిక్ లాంటివైతే సబ్‌సోనిక్ ఏపీఐ (యాప్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతి) సపోర్ట్ ఉన్న యాప్ కావాలి, జెల్లీఫిన్ అనే సర్వర్‌ది వేరే ఏపీఐ, ప్లెక్స్ సర్వర్ వాడేవాళ్ళకి దాని సొంత మ్యూజిక్ యాప్ ప్లెక్సాంప్ ఉంది, వాళ్ళకి ఈ వీడియోతో పెద్దగా పని లేదు.

[స్క్రీన్ మీద: ఫేషిన్, ప్లేబ్యాక్ సెట్టింగ్స్]

ఇది ఫేషిన్. చూడ్డానికి బావుంటుంది, ఫీచర్లు బోలెడు, సబ్‌సోనిక్, జెల్లీఫిన్ రెండిటికీ పనిచేస్తుంది, కాకపోతే ఎలక్ట్రాన్ మీద, అంటే లోపల ఒక బ్రౌజర్‌తో కట్టింది కాబట్టి ర్యామ్ బాగానే తింటుంది. ఇందులో పాట ప్లే చేయడానికి వెబ్ ప్లేయర్, ఎంపీవీ (విడిగా దొరికే మీడియా ప్లేయర్) అని రెండు ఆప్షన్లుంటాయి, ఎంపీవీ విడిగా ఇన్‌స్టాల్ చేసుకుని అది పెట్టుకోండి.

[స్క్రీన్ మీద: సూపర్‌సోనిక్]

సూపర్‌సోనిక్ గో భాషలో రాశారు, తేలిగ్గా ఉంటుంది, లోపల ఎంపీవీనే, గ్యాప్‌లెస్, రీప్లేగెయిన్ (పాటల వాల్యూమ్ ఒకేలా ఉంచేది), ఈక్వలైజర్ అన్నీ ఉన్నాయి. పాత ల్యాప్‌టాప్ అయితే ఇంకేం ఆలోచించకుండా ఇదే వేసుకోమంటాను. కొన్ని పాటలు హార్డ్ డిస్క్‌లో, కొన్ని సర్వర్‌లో ఉంటే మాత్రం రెండిటినీ ప్లే చేసే స్ట్రాబెర్రీ యాప్ చూడండి.

ఇప్పుడు టెస్ట్. ఒక లైవ్ ఆల్బమ్ పెట్టి, మొదటి ట్రాక్ చివరి పది సెకన్లకి జరపండి. చప్పట్లు మోగుతుండగానే రెండో ట్రాక్ మొదలవ్వాలి, మధ్యలో చిన్న కట్ వినిపించినా గ్యాప్‌లెస్ పనిచేయట్లేదన్నట్టే. అయితే వెంటనే యాప్‌ని తిట్టకండి, ఎందుకంటే ఎంపీ3 చేసేటప్పుడు ఎన్‌కోడరే ముందూ వెనకా కాస్త సైలెన్స్ కలుపుతుంది, ఫ్లాక్‌లో (క్వాలిటీ తగ్గకుండా కంప్రెస్ చేసే ఫార్మాట్) ఆ గొడవ లేదు, కానీ మీ ఫ్లాక్‌ని సర్వర్ దారిలోనే ఎంపీ3గా మార్చి పంపిస్తుంటే మళ్ళీ అదే గ్యాప్ వస్తుంది. అందుకే ఇంట్లో వినేటప్పుడు ఈ మార్పిడిని, అంటే ట్రాన్స్‌కోడింగ్‌ని ఆపేయండి. సీడీ క్వాలిటీ అసలు కంప్రెస్ చేయకపోయినా 1,411 కేబీపీఎస్సే, ఫ్లాక్ సాధారణంగా అంతకంటే తక్కువే, మామూలు వైఫైకి అదో లెక్కే కాదు.

బయటి నుంచి వినాలంటే హెచ్‌టీటీపీఎస్ తప్పనిసరి, నెట్ స్లోగా ఉంటే అప్పుడు ట్రాన్స్‌కోడింగ్ ఆన్ చేసి ఓపస్ ఫార్మాట్, 128 కేబీపీఎస్ పెట్టుకోండి.