మొదటి రోజు మెల్లగా తొక్కండి

అందరికీ నమస్కారం. ఇవాళ సైకిల్ టూర్ గురించి మాట్లాడుకుందాం, అంటే పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేసేది కాదు, ఓ పది పదిహేను మంది కలిసి రోజుల తరబడి తొక్కుకుంటూ పోయేది. అందులోనూ మొదటి రోజు గురించే చెప్తాను, ఎందుకంటే మిగతా టూర్ ఎలా నడుస్తుందో చాలావరకు ఆ రోజే తేలిపోతుంది.

తెల్లారకముందే అందరూ ఒకచోట చేరతారు, ఒకళ్ల సైకిల్ ఇంకొకళ్లు చూడ్డం, గేర్లు ఎన్ని, లగేజీ ఎంత అని కబుర్లు, ఆ హుషారు చూస్తేనే ముచ్చటేస్తుంది. ఆ హుషారులోనే బయల్దేరతారు, ముందున్నాయన కాస్త స్పీడు పెంచుతాడు, వెనకాల ఆయన ఊరుకోడు, అరగంటలో అందరూ రేసులో ఉన్నట్టు తొక్కేస్తుంటారు. కాళ్లు బాగానే ఉన్నాయి కదా అనిపిస్తుంది. కానీ మన కండరాల్లో, లివర్‌లో గ్లైకోజెన్ అని ఒక నిల్వ ఉంటుంది, మామూలుగా ఓ 400, 500 గ్రాములు, అంతే. గట్టిగా తొక్కితే రెండు గంటల ప్రాంతంలో అది అడుగంటుతుంది, అప్పుడు ఒక్కసారిగా కాళ్లు ఆడవు, తల తిరుగుతుంది, సైక్లిస్టులు దీన్నే బాంక్ అంటారు. మెల్లగా తొక్కితే ఒళ్లు కొవ్వును కూడా బాగా వాడుకుంటుంది కాబట్టి ఆ నిల్వ చాలాసేపు వస్తుంది. పైగా ఖాళీ అయినది పూర్తిగా నిండాలంటే బాగా తిన్నా దాదాపు ఒక రోజు పడుతుంది, అంటే మొదటి రోజు దూకుడుకి రెండో రోజు కూడా బలైపోతుంది.

మరి ఎంత స్పీడు కరెక్టు? పక్కన తొక్కేవాళ్లతో ఆయాసం లేకుండా పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి, అంతే. గ్రూపులో అందరికన్నా నెమ్మదైన మనిషి అలా మాట్లాడగలగాలి, లీడర్ కాదు! ఆకలి వేసేదాకా ఆగకుండా గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం పడేలా ఏదో ఒకటి కొద్దికొద్దిగా తింటూ ఉండాలి.

ఇక గాలి. స్పీడు రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది, దాన్ని చీల్చుకుంటూ పోవడానికి పెట్టాల్సిన శక్తి ఎనిమిది రెట్లు. అందుకే ఒకళ్ల వెనకాల ఒకళ్లు దగ్గరగా వెళ్తే వెనకున్నవాళ్లకి శ్రమ పావు వంతు దాకా తగ్గుతుంది. అయితే మొదటి రోజు ఎవరు ఎలా బ్రేక్ వేస్తారో ఎవరికీ తెలీదు, కాబట్టి ఎదుటి చక్రానికి మరీ అంటుకుపోవద్దు, గుంత ఉంటే చేత్తో చూపించాలి, ఆగేముందు గట్టిగా అరిచి చెప్పాలి.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది చివర వచ్చేవాళ్ల సంగతి. మలుపు దగ్గర ముందువాళ్లు స్లో అయి, తిరగ్గానే మళ్లీ స్పీడందుకుంటారు. అప్పటికి చివరివాళ్లు ఇంకా మలుపులోనే ఉంటారు, పాపం ఆ గ్యాప్ పూడ్చడానికి ప్రతి మలుపుకీ పరుగే. అలా పడీపడీ రెస్ట్ కోసం ఆగే చోటికి చేరేసరికి ముందొచ్చినవాళ్లు పావుగంట నుంచీ కూర్చుని ఉంటారు, వీళ్లని చూడగానే "వచ్చేశారుగా, పదండి" అని లేస్తారు. అంటే ఎవరికి రెస్ట్ ఎక్కువ కావాలో వాళ్లకే అసలు రెస్ట్ ఉండదన్నమాట! ఇది చాలా అన్యాయం, ఇలాంటప్పుడే మనుషులు మూడీగా అయిపోయి టూర్ మధ్యలో వెళ్లిపోతారు. ఆఖరి మనిషి వచ్చి సైకిల్ స్టాండ్ వేశాకే బ్రేక్ టైం మొదలవ్వాలి, ఈ ఒక్క రూల్ పెట్టుకోండి చాలు. అందరికన్నా వెనకాల పంపు, పనిముట్లు ఉన్న అనుభవజ్ఞులు ఒకళ్లు ఉండాలి, వాళ్లని దాటి ఎవరూ వెనకబడకూడదు.

ఫ్రాన్స్‌లో 1904లో మొదలైన ఆడాక్స్ పద్ధతి ఇలాంటిదే. గ్రూపంతా ఒకే స్పీడులో పోతుంది, ఇప్పుడైతే గంటకి 22.5 కిలోమీటర్లు, ముందు కెప్టెన్ ఉంటారు, ఆ మనిషిని దాటి ఎవరూ వెళ్లకూడదు. మనం అంత స్పీడు పెట్టుకోనక్కర్లేదు, బరువు కట్టుకుని వెళ్తాం కాబట్టి పెట్టుకోవద్దు కూడా, ఆ క్రమశిక్షణ మాత్రం తెచ్చుకోవచ్చు.

చేతి వేళ్లు తిమ్మిరెక్కుతుంటే హ్యాండిల్ మీద పట్టు మార్చుకుంటూ ఉండండి, అరచేతిలో నరం నొక్కుకుపోవడం వల్ల వస్తుందది. సాయంత్రం దిగాక అలసటగా ఉన్నా సరే ఓ పది నిమిషాలు సైకిల్ చూసుకోండి, మొదటి రోజు కుదుపులకి క్యారియర్ బోల్టులు వదులవుతాయి, కొత్త గేర్ కేబుల్ ఉంటే అదీ కాస్త వదులవుతుంది, రెండూ అప్పుడే సరిచేస్తే మర్నాడు రోడ్డు మీద ఆగక్కర్లేదు. రేపు ముందు ఎవరు, చివర ఎవరు అనేది కూడా ఆ రాత్రే మాట్లాడేసుకోండి, చివర ఉండే పని రోజూ ఒకళ్లకే అంటగట్టకుండా వంతులేసుకోండి. ఉంటాను మరి, నమస్కారం.