అన్నీ డ్యాములు కావు: రాతిపై, మట్టితో, ఇసుకలో కట్టే కట్టడాల లెక్కలు

నమస్కారం. నదికి అడ్డంగా కట్టిన దేన్నైనా మనం డ్యామ్ అనేస్తాం. శ్రీశైలంలో ఉన్నదీ, ధవళేశ్వరంలో ఉన్నదీ, 2021లో తెగిపోయిన చెయ్యేటి అన్నమయ్య ప్రాజెక్టూ మన మాటల్లో ఒకటే. ఇంజినీరు లెక్కలో మాత్రం అవి మూడు వేర్వేరు జాతులు. ఒకదాని ప్రాణం తీసే పరిస్థితిని మరొకటి తేలిగ్గా తట్టుకోగలదు. కాలువలు, తూములు, అక్విడక్టులు కూడా నీటి కట్టడాలే అయినా, ఈ వీడియోలో నదిని అడ్డుకునే వాటికే పరిమితమవుదాం.

ముందు శ్రీశైలాన్ని తీసుకుందాం. ఇది నల్లమల లోయలో గట్టి రాతిపై నిలబడి, తన బరువుతోనే నీటి తోపుడును తట్టుకునే గ్రావిటీ డ్యామ్. ఎదుటి నుంచి నెట్టే నీటి కంటే, పునాది పగుళ్లలోకి చేరి కట్టడాన్ని అడుగు నుంచి పైకి ఎత్తే నీటి ఒత్తిడి ఇలాంటి చోట ఎక్కువ మోసకారిది. అది డ్యామ్ బరువులో కొంత భాగాన్ని చెల్లకుండా చేస్తుంది. అందుకే పునాదిలోకి సిమెంటు గ్రౌటు (పగుళ్లు పూడ్చే పల్చని సిమెంటు ముద్ద) ఎక్కించి తెరలా అడ్డుకడతారు, దాని వెనుక రంధ్రాలు తొలిచి ఊటనీటిని డ్యామ్ లోపలి గ్యాలరీలోకి, అంటే మనుషులు నడిచే సొరంగంలోకి రప్పిస్తారు. గ్యాలరీలో నీరు కారుతోందని భయపడనక్కర్లేదు. రోజూ వచ్చే ఊట హఠాత్తుగా పెరిగినా, అకారణంగా ఆగినా అప్పుడు అనుమానించాలి.

2009 అక్టోబరులో శ్రీశైలానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. గేట్లన్నీ ఎత్తినా వచ్చినంత నీరు బయటికి పోలేదు. 885 అడుగుల పూర్తి స్థాయిని దాటి మట్టం 896 అడుగుల పైకి చేరింది. అయినా డ్యామ్ నిలిచింది. అదే మట్టికట్ట అయితే ఫలితం మరోలా ఉంటుంది. 2021 నవంబరు 19న చెయ్యేటి వరద గేట్ల సామర్థ్యాన్ని మించి అన్నమయ్య ప్రాజెక్టు కట్ట మీదుగా పొర్లింది. మట్టికట్టపై నుంచి నీరు దూకడం మొదలైతే దిగువ వాలు కోసుకుపోయి గండి పడడానికి ఎంతోసేపు పట్టదు. పులపత్తూరు, మందపల్లి వంటి గ్రామాలు ఆ ఉదయమే నీటిలో మునిగాయి.

కాబట్టి మట్టికట్టకు మొదటి షరతు ఒక్కటే: నీరు ఏ పరిస్థితిలోనూ దాని మీదుగా పోకూడదు. మన పాత చెరువులు కట్టినవారికి ఇది బాగా తెలుసు. అదనపు నీరు పొర్లిపోయే దారిని తెలంగాణలో మత్తడి అన్నా, కోస్తాలో అలుగు అన్నా, దాని పైమట్టాన్ని కట్ట కంటే ఎప్పుడూ తక్కువలోనే ఉంచారు. నేటి భారతీయ ప్రమాణాల ప్రకారం 60 మిలియన్ ఘనపు మీటర్లకు, అంటే 2 టీఎంసీలకు కాస్త పైగా నిల్వ ఉండే డ్యాముల స్పిల్‌వేను (వరద నీటిని వదిలే దారిని) ఆ పరీవాహక ప్రాంతంలో రాగల గరిష్ఠ వరదకు సరిపోయేలా రూపొందించాలి. చిన్నవాటికి వందేళ్లకోసారి వచ్చే వరద చాలంటారు. వాటి దిగువన ఊళ్లున్న చోట ఈ సడలింపు సరికాదని నా అభిప్రాయం.

ఇక ధవళేశ్వరం. నాకు అన్నిటికంటే ఆసక్తికరమైనది ఇదే, ఎందుకంటే ఇక్కడ అడుగున రాయి లేదు, ఉన్నదంతా ఇసుక. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ముగించిన ఆనకట్ట గోదావరిని నిల్వ చేయడానికి కాదు, మట్టాన్ని కొంత ఎత్తి డెల్టా కాలువల్లోకి మళ్లించడానికి. ఇసుకపైనే కట్టవచ్చన్న ధైర్యాన్ని ఆయన కావేరిపై ఉన్న ప్రాచీన ఆనకట్ట కల్లణైని చూసి తెచ్చుకున్నారు. ఇప్పుడున్న బ్యారేజి 1982లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం పాయలన్నిటిపై కలిపి 175 గేట్లు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కుల వరద ఈ గేట్ల గుండానే వెళ్లింది.

ఇసుకపై కట్టడానికి అసలు ముప్పు గేట్ల దగ్గర కాదు, ఫ్లోరు (ఇసుకపై పరిచిన గట్టి నేల) కింద. ఎగువన ఎత్తుగా ఉన్న నీరు ఇసుకలో దారి వెతుక్కుంటూ దిగువ అంచున పైకి తేలుతుంది. ఆ ఊట వేగం ఒక హద్దు దాటితే, పొయ్యి మీది ఎసరులా ఇసుక కుతకుతలాడుతూ రేణువులు లేచిపోతాయి, బుంగ వెనక్కి తొలుచుకుంటూ వచ్చి ఫ్లోరు కింద గుల్ల చేస్తుంది. చీనాబ్‌పై ఖంకీ వియర్ (తక్కువ ఎత్తు ఆనకట్ట) 1895లో, గంగపై నరోరా వియర్ 1898లో ఇలాంటి ఊటనీటి దెబ్బకే దెబ్బతిన్నాయి. ఆ తరువాత బ్లై అనే ఇంజినీరు, నీరు ఎంత దూరం పాకితే అంత బలహీనపడుతుందన్న సులువైన సూత్రం ఇచ్చాడు. అడ్డంగా పాకే అడుగుకూ నిలువుగా దిగే అడుగుకూ ఒకే విలువ ఇవ్వడం అందులోని లోపం. కట్టడాల కింద గొట్టాలు దించి ఒత్తిడిని కొలిపించిన ఎ.ఎన్. ఖోస్లా 1936 నాటికి దాన్ని సరిదిద్ది, నీరు బయటికి వచ్చే చివరి అంచున నీటి ఒత్తిడి తగ్గే వాలుపైనే, అంటే ఎంత దూరానికి ఎంత ఒత్తిడి తగ్గుతుందన్న నిష్పత్తిపైనే భద్రత ఆధారపడుతుందని చూపారు. సన్న ఇసుకలో ఆ వాలు 6లో 1 లేదా 7లో 1కి మించకూడదు. అందుకే దిగువ చివర నిలువుగా షీట్ పైల్ (ఇసుకలోకి దించే ఉక్కు పలకల గోడ) దించనిదే బ్యారేజి డిజైన్ ఒప్పుకోరు.

మరో షరతును 2024 ఆగస్టు 10న తుంగభద్ర గుర్తుచేసింది. 19వ గేటు గొలుసు తెగి గేటే కొట్టుకుపోగా, ఒత్తిడి తగ్గించడానికి మిగతా గేట్లు ఎత్తి విలువైన నీటిని నదిలోకి వదిలారు. పారుతున్న నీటిలోనే స్టాప్‌లాగ్ పలకలు (గేటు స్థానంలో దించే తాత్కాలిక అడ్డుపలకలు) ఒక్కొక్కటిగా దించి వారం రోజుల్లో ఆ ఖాళీని మూశారు. ఏ గేటు ఎప్పుడు పాడైనా రిజర్వాయరు ఖాళీ చేయకుండా మరమ్మతు చేయగలగాలంటే, స్టాప్‌లాగ్‌లు దిగే గాడులు, వాటిని మోసే క్రేను, పలకలు నిల్వ ఉంచే చోటు కూడా మొదటి డ్రాయింగుల్లోనే ఉండాలి.