బల్ల మీద పరిచే లోకాలు

శ్రోతలకు నమస్కారం.

సెలవు రోజుల్లో మన హైదరాబాదులో కొన్ని కేఫుల్లోనూ, స్నేహితుల ఇళ్ళలోనూ నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ చేరి, ఇరవై ముఖాల పాచిక దొర్లిస్తూ గంటల తరబడి ఒక కథలో మునిగి ఉండటం ఇప్పుడంత అరుదైన దృశ్యమేమీ కాదు. టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ అనే ఈ ఆటలో ఒకరు డంజన్ మాస్టర్‌గా కూర్చుని పరిస్థితిని వర్ణిస్తారు. మిగిలినవారు తలా ఒక పాత్ర తీసుకుని, ఆ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు. తలపెట్టిన పని నెరవేరిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో అచ్చయిన నాటి నుంచి ఇలాంటి ఆటల నియమాల పుస్తకాలు కుప్పలుగా వచ్చాయి. వాటిని పక్కన పెట్టి, ఆ కథలు జరిగే చోటును గురించి, అంటే రాజ్యాలు, నదులు, దేవతలు, వర్తక మార్గాలు, పాత పగలు సహా ఒక ప్రపంచాన్ని సిద్ధం చేసి పుస్తకంగా అమ్మే క్యాంపెయిన్ సెట్టింగులను గురించి ఈనాడు మాట్లాడతాను.

మొదటి నియమాల పుస్తకాలతో పాటు ప్రపంచమేదీ రాలేదు. ఎవరి లోకాన్ని వారే కల్పించుకోవాలన్నది అప్పటి ఉద్దేశం. ఆర్నెసన్ తన మిత్రుల కోసం బ్లాక్‌మూర్‌ను, గైగాక్స్ తన వారి కోసం గ్రేహాక్‌ను అలాగే అల్లుకున్నారు. అయితే పగలంతా ఉద్యోగం చేసి వచ్చి రాత్రికి రాత్రే ఒక ఖండాన్ని సృష్టించే ఓపిక అందరికీ ఉండదు కదా. గ్రేహాక్ ప్రపంచం 1980లో విడి పుస్తకంగా వెలువడటానికి ఆ అవసరమే పెద్ద కారణమని నా అభిప్రాయం. దానితో పాటు వచ్చిన పటాన్ని డార్లీన్ అనే చిత్రకారిణి గీశారు. పటమంతా తేనెపట్టులాగా ఆరుభుజాల గళ్ళే. ఒక్కో గడి ముప్ఫై మైళ్ళు. ఆ లెక్కన హైదరాబాదు నుంచి వరంగల్లుకు మూడు గళ్ళు జరిగితే చాలు. పుస్తకంలో ఒక్కో రాజ్యానికి పాలకుడెవరో, జనాభా ఎంతో, అక్కడ దొరికే సంపద ఏమిటో రెండు మూడు వరుసల్లో చెప్పి, ఆపైన కాస్త చరిత్ర, పొరుగువారితో ఉన్న తగవు రాసి వదిలేస్తారు. గైగాక్స్ ఎక్కువ చెప్పకపోవడమే ఆ పుస్తకానికి బలమైంది. దానితో ఆడిన ఏ రెండు బృందాల గ్రేహాక్ కూడా ఒకేలా ఉండి ఉండదు.

అంతకు ముందే, 1975లో, టెకుమెల్ అనే వేరే లోకం అచ్చయింది. దాన్ని సృష్టించిన ఎం.ఎ.ఆర్. బార్కర్ మినెసోటా విశ్వవిద్యాలయంలో ఉర్దూ, దక్షిణాసియా అధ్యయనాల ఆచార్యుడు. ఐరోపా కోటలు, గుర్రపు వీరులు లేని లోకం అది. గుర్రాలే లేవు, ఇనుము అరుదు, భాషలు మాత్రం పుష్కలం. ఉర్దూ వినిపించే మన ఊళ్ళో ఈ సంగతి చెప్పుకుని మురిసిపోవచ్చును గానీ, ఆయనే మారుపేరుతో నాజీ భావజాలంతో ఒక నవల రాశాడని 2022లో ఆయన వారసత్వాన్ని చూసుకునే సంస్థే ఒప్పుకుంది. లోకాన్ని మెచ్చుకునేవారు ఆ నిజాన్ని కూడా తెలుసుకునే మెచ్చుకోవాలి.

అన్నిటికంటే ఎక్కువమందికి తెలిసిన సెట్టింగ్ ఫర్గాటెన్ రెల్మ్స్. కెనడాలో గ్రంథాలయ ఉద్యోగి అయిన ఎడ్ గ్రీన్‌వుడ్ చిన్ననాటి నుంచే రాసుకుంటూ వచ్చిన ఈ లోకం 1987లో పెట్టె రూపంలో మార్కెట్లోకి వచ్చింది. ఆ తర్వాత వచ్చిన నవలలూ, కంప్యూటర్ గేములూ, అనుబంధ గ్రంథాలూ ఒక అల్మరా నింపేటంతటివి. చిక్కు కూడా అక్కడి నుంచే మొదలైంది. ఒక పట్టణపు మేయరును డంజన్ మాస్టర్ తన కథలో చంపేశాడనుకోండి. ఎదుట కూర్చున్న ఆటగాడు, ఫలానా పుస్తకంలో ఆయన ఇంకా బతికే ఉన్నాడే అని అడ్డు తగులుతాడు. మొదటి పెట్టెలో ఆ లోకపు కాలం 1357వ సంవత్సరం. 2008లో వచ్చిన కూర్పు మంత్రదేవత హత్యను, దాని వెంట వచ్చిన ప్రళయాన్ని కారణంగా చూపి, కథాకాలాన్ని ఒక్కసారిగా 1479కి జరిపింది. ఏళ్ళ తరబడి ఆడుకుంటున్నవారికి తమ పాత్రలు ఎరిగిన మనుషులంతా ఒక్క పుస్తకంతో గతించిపోయారు. అభిమానులకు అది మింగుడుపడలేదంటే వింత ఏముంది? తర్వాతి కూర్పులో ఆ మార్పులను చాలావరకు వెనక్కి తీసుకున్నారు.

మంచి సెట్టింగును దాని పేజీల సంఖ్యతో కొలవలేము. ఆటగాడు తీసుకునే నిర్ణయాన్ని అది మార్చగలగాలి. 1991లో వచ్చిన డార్క్ సన్ ఇందుకు నాకు ఎంతో నచ్చిన ఉదాహరణ. ఆథాస్ అనే ఆ గ్రహం ఎండి బూడిదైన ఎడారి. జాగ్రత్త లేకుండా మంత్రం వేస్తే దగ్గరలోని చెట్టూ చేమా ప్రాణం కోల్పోయి మన్ను బూడిదవుతుంది. ఇనుము బంగారంతో సమానం కనుక కత్తులు ఎముకతోనూ, రాతితోనూ చేస్తారు. నాణేలు కాల్చిన మట్టి బిళ్ళలు. నారాయణగూడలో ఒక మేడ మీది గదిలో, మే నెల మధ్యాహ్నం, ఫ్యాను కింద ఈ ఆట సాగుతుండగా పక్కన కూర్చుని విన్నాను. "అన్నా, ఆ బాయిల నీళ్ళున్నయా?" అని ఒక అమ్మాయి అడిగింది. "ఉన్నయ్. పక్కన కావలోడు కూడా ఉన్నడు. తాగాలంటే ఏమిస్తవో చెప్పు," అన్నాడు డంజన్ మాస్టర్. ఆమె దగ్గర ఒక ఇనుప బాకు ఉంది. దాన్ని బయటికి తీస్తే నీళ్ళు దొరుకుతాయి గానీ, ఊరు దాటేలోగా దోపిడీ తప్పదు. బాకు సంచిలోనే ఉంచి, మట్టి బిళ్ళలు లెక్కపెట్టి ఇచ్చింది. ఒక్కరికి సరిపడా నీళ్ళే వచ్చాయి. వేరే లోకంలో అయితే బావి దగ్గర ఆగేవారే కాదు.

ఇక తెలిసి తెలిసి ఖాళీ వదలడంలో ఎబరాన్‌ది అందె వేసిన చెయ్యి. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను ప్రచురించే విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ సంస్థ 2002లో కొత్త లోకాల కోసం బహిరంగంగా పోటీ పెడితే దాదాపు 11,000 ప్రతిపాదనలు వచ్చాయి. వాటిలో గెలిచిన కీత్ బేకర్ రచనే 2004లో ఎబరాన్‌గా వెలువడింది. శతాబ్దం పాటు సాగిన యుద్ధం ముగింపు దశలో సైర్ అనే దేశం ఒకే రోజున నాశనమైంది. ఎందుకు నాశనమైందో ఏ అధికారిక పుస్తకమూ చెప్పదు, చెప్పబోదు; ఆ జవాబు ప్రతి బల్లకూ వేరుగా ఉండాలన్నది రచయిత నిర్ణయం. ఆ లోకపు కాలం కూడా 998వ సంవత్సరం దగ్గరే నిలబడి ఉంటుంది. పుస్తకం కథను ముందుకు నడపదు, ఆడేవారే నడుపుకోవాలి.

మన ప్రాంతాలను ఈ పుస్తకాలు చాలాకాలం పాములవాళ్ళూ, రత్నాల గుట్టలూ ఉన్న దూరదేశంగానే చూపాయి. ఈ మధ్య కొంత మార్పు వచ్చింది: 2022లో వెలువడిన ఒక సంకలనంలో మిమీ మొండల్ బెంగాల్ నదీతీరాల ఛాయలతో ఒక సాహసగాథ రాశారు. తెలంగాణ గురించి అలాంటిది నాకింతవరకు కనబడలేదు, కానీ ముడిసరుకుకు కొదవ లేదు. గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిసార్‌లో వినబడుతుంది. దొంగచాటుగా వచ్చే పాత్రలకు ఇంతకంటే ఇబ్బందికరమైన ద్వారం ఉండదు. నేనైతే కోటకన్నా చెరువుతో మొదలుపెడతాను. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల్లో ఎగువ చెరువు అలుగు పారితేనే దిగువ చెరువు నిండుతుంది. ఎగువ ఊరివారు అలుగు మీద రాళ్ళు పేర్చి నీళ్ళు ఆపారు, నీళ్ళు పంచే నీరటి వారం నుంచి కనబడటం లేదు, దిగువ ఊళ్ళో నాట్లు ఎండిపోతున్నాయి అని నాలుగు వాక్యాలు రాస్తే గ్రేహాక్ పద్ధతిలో ఒక ఊరు సిద్ధమైనట్టే. నీరటి ఏమయ్యాడో పుస్తకంలో రాయనక్కరలేదు.

అలాంటి ప్రయత్నానికి నియమాలు కొనే పని కూడా లేదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో కూర్పు మూలనియమాల పాఠాన్ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు. అందులో మంత్రాలు, రాక్షసులు, పాత్రల నియమాలు ఉంటాయి. ఫర్గాటెన్ రెల్మ్స్ నగరాలు గానీ, ఆథాస్ గానీ, ఎబరాన్ గానీ ఉండవు, వాటి మీద హక్కులు సంస్థవే. నియమాలు ఎక్కడి నుంచి తీసుకున్నామో చెప్పే వాక్యాన్ని పుస్తకంలో ముద్రిస్తే వాటిని తెలుగులోకి తెచ్చుకోవచ్చు, వాటి మీద సొంత లోకాన్ని నిలబెట్టి అమ్ముకోవచ్చు కూడా.