యెరికో గోడ, మా బాపు

శ్రోతలకు నమస్కారం. హన్మకొండ నుంచి మాట్లాడుతున్న, డిగ్రీ పిల్లలకు ముప్పై ఏండ్లు హిస్టరీ చెప్పి రిటైరైన. అంతకంటె ముందు నేను చర్చిల పెరిగిన పిల్లను, మా బాపు మేస్త్రీ, రోజంత గోడలు కట్టి వచ్చి రాత్రి అన్నం తిన్నంక లాంతరు దగ్గర పెట్టుకోని బైబిల్ గట్టిగ చదివేటోడు.

సండేస్కూల్ల మాకు మస్తు ఇష్టమైన కథ యెరికోది, పాలస్తీనల ఉన్న పాత పట్నం అది. బైబిల్ల యెహోషువ అనే నాయకుని ఎంబడి ఇశ్రాయేలీయులు దాని మీదికి పోయిన్రు. ఆరు రోజులు రోజుకొకసారి, ఏడో రోజు ఏడుసార్లు పట్నం చుట్టు తిరిగి, యాజకులు బూరలు ఊది, జనమంత కేకలేస్తె గోడ కూలింది. మేము గూడ చర్చి కాంపౌండ్ చుట్టు తిరిగి గొంతులు పోయేదాక అరిచేటోళ్లం. గోడ నిజంగ కూలిందా అనే అనుమానం ఎంఏ చదివేదాక నాకు రాలే.

ఎంఏల కాథలీన్ కెన్యన్ అనే ఆర్కియాలజిస్ట్ గురించి చదివిన. ఇంగ్లండ్ ఆమె, వాళ్ల నాయన బ్రిటిష్ మ్యూజియం డైరెక్టర్ చేసినాయన, బైబిల్ పాత ప్రతుల మీద పెద్ద పండితుడు. 1930లల్ల గార్‌స్టాంగ్ అనే ఆయన యెరికోల తవ్వి, కూలిన గోడలు దొరికినయి, ఇవి యెహోషువ కాలానివే అని చెప్పిండు. 1952 నుంచి 1958 దాక కెన్యన్ మళ్ల తవ్వింది. మన దగ్గర బాయి తవ్వితె పైన నల్లరేగడి, కింద మొరం, అట్ల పొరలు కనపడ్తయి కదా, ఆమె ఆ పొరలు చెదిరిపోకుంట నిలువుగ కోసి, ఏ పొరల ఏ కుండపెంకు దొరికిందో రాసుకుంట పోయింది. ఈ పద్ధతి ఆమె వీలర్ అనే ఇంగ్లండ్ ఆర్కియాలజిస్ట్ దగ్గర నేర్చుకున్నది, ఆ వీలరే 1944ల మన దేశపు ఆర్కియాలజీ సర్వేకు డైరెక్టర్ జనరల్‌గ వచ్చి మనోళ్లకు గూడ నేర్పిండు. సరే, కెన్యన్‌కు తేలిందేందంటె, గార్‌స్టాంగ్ చూపిన గోడ యెహోషువ కంటె దాదాపు వెయ్యేండ్లు పాతది. ఆ తర్వాత కట్టిన కోట గూడ క్రీ.పూ. 1550 ప్రాంతంల కాలిపోయింది. ఇశ్రాయేలీయులు అక్కడికి వచ్చిన్రని చెప్పే కాలం క్రీ.పూ. 1400 అనుకున్నా, 1200 అనుకున్నా, కూలెటందుకు అక్కడ కోటగోడ ఉన్నట్టు ఆనవాళ్లు దొరకలే. ఇప్పటికీ ఒప్పుకోనోళ్లు ఉన్నరు గని ఎక్కువమంది ఆర్కియాలజిస్టులు ఆమె మాటే పట్టుకున్నరు.

అది చదివినంక నాకు వారం రోజులు నిద్ర పట్టలే. ఒక పెద్దాయనను అడిగితె అవి సైతాను రాతలు, చదవకు బిడ్డా అన్నడు. ఆ మాటతోని నాకు చర్చి మీద మనసు విరిగింది, కెన్యన్ పుస్తకంతోని అంత విరగలే, ఇది మాత్రం గట్టిగ చెప్తున్న. ఏడాది పొద్దు ఆరాధనకు పోలే.

బాపుకు భయపడుకుంటనే చెప్పిన. ఆయన కోపం చెయ్యలే, ఆ గోడ ఇటికెదా రాయిదా, పునాది ఎంత లోతు, బూడిద ఏ పక్కకు ఉన్నది అని మేస్త్రీ అడిగినట్టు ఒక్కొక్కటే అడిగి అంత విన్నడు. విని, మీ అమ్మ సచ్చిపోయిన రాత్రి నేను యెరికో కథ చదువలే బిడ్డా, 'యెహోవా నా కాపరి' అనే 23వ కీర్తన చదివిన అన్నడు. ఇంకేం అనలే, పోయి పండుకున్నడు.

అట్లని మట్టి ఎప్పుడూ కాదనే అంటది అనుకోవద్దు. బైబిల్ల చెప్పే ఇశ్రాయేలు రాజు దావీదు ఉత్త కథే అని కొందరు పండితులు రాసిన్రు, 1993ల ఇజ్రాయెల్ ఉత్తరాన తేల్ దాన్‌ల క్రీ.పూ. 9వ శతాబ్దపు రాతి శాసనం ముక్క దొరికితె దాంట్ల దావీదు వంశం పేరు ఉన్నది. మన గోదారి ఒడ్డున కోటిలింగాలల గూడ అంతే, శాతవాహనుల మొదటి రాజును పురాణాలు ఒకదాంట్ల శిశుకుడని, ఒకదాంట్ల సింధుకుడని రాసినయి, అక్కడ చిముక అనే పేరున్న నాణేలే దొరికినయి. కాని శాసనం దొరికిందని దావీదు కీర్తనలన్నీ ఆయనే రాసినట్టు కాదు, నాణెం దొరికిందని పురాణాల లెక్కలన్నీ సరైనట్టు కాదు. పేరు నిజమని తేలింది, అంతవరకే.

మరి అన్నీ కథలే అనుకుంటె సరిపోతదా అంటె, నేను ఆ మాట గూడ అనలేను. క్రీస్తు లేవకపోతె మీ విశ్వాసం వ్యర్థమని అపొస్తలుడు పౌలే కొరింథు సంఘపోళ్లకు రాసిండు, అంటె మా విశ్వాసం జరిగిన సంగతి మీదనే నిలబడ్డది. 1961ల ఇజ్రాయెల్ సముద్రం ఒడ్డున కైసరయల, ఏసుకు సిలువ శిక్ష వేసిన రోమన్ గవర్నర్ పిలాతు పేరు చెక్కిన రాయి దొరికింది, పిలాతు ఉన్నడని దాంతోని తెలుస్తది, సమాధి ఖాళీ అయిందా లేదా అనేది ఏ పార తవ్వి చూపెట్టలేదు. అక్కడ నేను నమ్ముతున్న, నమ్ముతున్న అనే చెప్త, రుజువు ఉన్నదని మాత్రం చెప్ప. యెరికో దగ్గర రుజువు కథకు ఎదురుంగ ఉన్నది, దాన్ని పిల్లలకు దాచిపెట్టుడు నాకు చేతగాదు.

మొన్న సండేస్కూల్ల ఒక పిలగాడు నన్నే అడిగిండు, టీచర్, ఆ గోడ నిజంగనే కూలిందా అని. కూలిన గోడలు చాన ఉన్నయి బిడ్డా, అవి యెహోషువ కాలానివి కావని తవ్వినోళ్లు చెప్తున్నరు అన్న. ఫోన్ల ఫోటో చూపెట్టిన, కెన్యన్ తవ్విన పెద్ద కందకం, దాని అడుగున దాదాపు 10,000 ఏండ్ల కిందటి రాతి బురుజు. పిలగాండ్లంత మీద పడి చూసిన్రు. అయితె గిది అబ్రాహాము కంటె గూడ ముందుదా టీచర్ అన్నడు వాడు. అవును, చాన ముందుది అన్న.