అప్‌గ్రేడ్ తర్వాత దొరకని ఇంటి నంబరు

అందరికీ నమస్కారం.

లినక్స్ సర్వర్ మీద నడిచే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ని పాత వెర్షన్ నుంచి కొత్తదానికి తీసుకెళ్లడం గురించి మాట్లాడదామని వచ్చాను. "బాగానే నడుస్తోంది కదా, ఎందుకు కెలకడం?" అనే మాట ప్రతి ఆఫీసులోనూ వినిపిస్తుంది. కానీ ఒక్కో మేజర్ వెర్షన్‌కి సపోర్ట్ ఉండేది అయిదేళ్లే. 12వ వెర్షన్‌కి 2024 నవంబరుతో, 13కి 2025 నవంబరుతో అయిపోయింది. ఇక వాటిలో సెక్యూరిటీ లోపం బయటపడినా ప్యాచ్ రాదు. జనం వివరాలు దాచుకునే డేటాబేస్‌ని అలా వదిలేయడం సరి కాదని నా గట్టి అభిప్రాయం.

16.3 నుంచి 16.4కి వెళ్లడం లాంటివి చిన్న పనులు. రిలీజ్ నోట్స్ ఒకసారి చదివి, ప్యాకేజీ మార్చి, రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది. మేజర్ వెర్షన్ మారితే మాత్రం సర్వర్ లోపల డేటాను అమర్చుకునే తీరు మారుతుంది. పాత డేటా డైరెక్టరీని 17 తెరవనే తెరవదు. అందుకే డేటా మొత్తాన్ని ఒక ఫైల్‌లోకి డంప్ తీసి మళ్లీ ఎక్కించుకోవాలి, లేదా పాత సర్వర్‌లోని మార్పులను కొత్తదానికి ఎప్పటికప్పుడు పంపే లాజికల్ రెప్లికేషన్ పెట్టుకోవాలి, లేదంటే పోస్ట్‌గ్రెస్‌తో వచ్చే పీజీ అప్‌గ్రేడ్ అనే టూల్ వాడాలి. డేటా పెద్దదైతే ఎక్కువమంది వెళ్లేది మూడో దారికే. ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టే తీసుకెళ్తుంది కాబట్టి పని త్వరగా అయిపోతుంది.

ఉన్నవి ఉన్నట్టే అన్న దగ్గరే జాగ్రత్త పడాలి.

సెంటాస్ 7కి 2024 జూన్ 30తో గడువు ముగిసింది. దాంతో చాలామంది డేటాబేస్‌తో పాటు ఆపరేటింగ్ సిస్టమ్‌ని కూడా ఒకేసారి మార్చేద్దామనుకున్నారు. టెక్స్ట్ కాలమ్‌లో ఏది ముందు, ఏది వెనక అన్నది చాలా ఇన్‌స్టలేషన్లలో పోస్ట్‌గ్రెస్ సొంతంగా తేల్చుకోదు, లినక్స్‌లోని జీలిబ్‌సీ లైబ్రరీని అడుగుతుంది. 2018 ఆగస్టులో వచ్చిన జీలిబ్‌సీ 2.28లో ఆ వరుస నియమాలు పెద్ద ఎత్తున మారిపోయాయి. సెంటాస్ 7లో ఉన్నది 2.17. ఉబుంటు 18.04లో 2.27, 20.04లో 2.31. అంటే మీరు 18.04 నుంచి 20.04కి వెళ్లినా ఆ గీత దాటినట్టే.

కావాలంటే చూడండి. ఒక టెక్స్ట్ ఫైల్‌లో మొదటి లైన్‌లో 1-1 అనీ, రెండో లైన్‌లో 11 అనీ రాయండి. అమెరికన్ ఇంగ్లిష్ యూటీఎఫ్-8 లొకేల్, అంటే భాషా సెట్టింగ్, పెట్టి సార్ట్ కమాండ్ నడపండి. పాత మెషీన్‌లో 11 ముందొస్తుంది, కొత్త మెషీన్‌లో 1-1 ముందొస్తుంది. పాత నియమం మొదటి పోలికలో హైఫన్‌ని లెక్కలోకి తీసుకునేది కాదు, కొత్తది తీసుకుంటుంది.

ఇప్పుడు మన ఊళ్లలో ఇంటి నంబర్లు గుర్తు తెచ్చుకోండి. హైదరాబాద్ అయినా విజయవాడ అయినా ఇంటి నంబరు అంటే అంకెలు, మధ్యలో హైఫన్లు, చివర ఒక బై. ఆస్తి పన్ను, నీటి బిల్లు, గ్యాస్ కనెక్షన్, కొరియర్ ఏ టేబుల్ తీసినా ఆ కాలమ్ ఉంటుంది, దాని మీద త్వరగా వెతకడానికి వరుసలో పేర్చిన సూచిక, అంటే ఇండెక్స్ కూడా ఉంటుంది. ఫైళ్లతో పాటు ఉన్నది ఉన్నట్టే వచ్చిన ఆ ఇండెక్స్ పాత వరుసలో పేర్చి ఉంది, వెతికేవాడు కొత్త వరుస ప్రకారం వెతుకుతున్నాడు. నిఘంటువులో అక్షరాల క్రమం మనకు చెప్పకుండా మార్చేస్తే మాట ఉన్నా దొరకదు చూడండి, అదే జరుగుతుంది. రికార్డు టేబుల్‌లోనే ఉంటుంది, క్వెరీకి మాత్రం కనబడదు. కనబడలేదు కాబట్టి అప్లికేషన్ అదే ఇంటిని మళ్లీ చేరుస్తుంది. ఒకే విలువ రెండుసార్లు చేరకుండా చూసే యూనిక్ ఇండెక్స్ కూడా ఆపలేదు. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ పడదు. అన్నీ కాకుండా కొన్నే తప్పిపోతాయి కాబట్టి వారాల తరబడి ఎవరికీ అనుమానం కూడా రాదు.

దీనికి మందు రీఇండెక్స్. కొత్త మెషీన్‌లో డేటాబేస్ లేచాక, అప్లికేషన్‌ని లోపలికి వదలకముందే టెక్స్ట్ కాలమ్‌ల ఇండెక్సులన్నీ మళ్లీ కట్టాలి. అంకెల కాలమ్‌లకు ఈ బాధ లేదు. ఏది చెడిందో తెలుసుకోవాలంటే యామ్‌చెక్ ఎక్స్‌టెన్షన్ చెబుతుంది. ఇప్పటికే డూప్లికేట్లు చేరిపోయి ఉంటే యూనిక్ ఇండెక్స్ మళ్లీ కట్టుకోదు, ముందు వాటిని ఏరిపారేయాలి. డంప్ దారిలో వెళ్లినవాళ్లకు ఇండెక్సులు కొత్తగానే తయారవుతాయి కాబట్టి ఈ చిక్కు రాదు.

15 నుంచి డేటాబేస్‌కి కనెక్ట్ అయినప్పుడే "కొలేషన్ వెర్షన్ సరిపోవడం లేదు" అన్న హెచ్చరిక వస్తుంది. కొలేషన్ అంటే ఈ వరుస నియమాలే. రిఫ్రెష్ కమాండ్ కొడితే అది పోతుంది. కానీ ఆ కమాండ్ వెర్షన్ నంబరును సరిదిద్దుతుందే తప్ప ఇండెక్స్‌ని తాకదు. ముందు రీఇండెక్స్, తర్వాతే రిఫ్రెష్. దయచేసి ఈ క్రమం తప్పకండి.

17లో పోస్ట్‌గ్రెస్‌కే సొంత కొలేషన్ వచ్చింది. కొత్త డేటాబేస్‌కి అది పెట్టుకుంటే వరుస కోసం లినక్స్ మీద ఆధారపడక్కర్లేదు. పేర్లను అకారాదిగా చూపాల్సిన చోట ఆ క్వెరీలోనే ఐసీయూ అనే లైబ్రరీలోని తెలుగు కొలేషన్ అడిగితే సరి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. పీజీ అప్‌గ్రేడ్‌ని ముందుగా చెక్ ఆప్షన్‌తో నడపండి. డేటాను ముట్టుకోకుండానే అడ్డంకులు చెబుతుంది. 18లో డేటా పాడైతే పట్టిచ్చే చెక్‌సమ్‌లు డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటాయి. పాత క్లస్టర్‌లో, అంటే పాత సర్వర్ డేటాబేస్‌ల సముదాయంలో, అవి లేకపోతే పీజీ అప్‌గ్రేడ్ అక్కడే ఆగిపోతుంది. ఫైళ్లను కాపీ చేయకుండా లింకులు మాత్రమే పెట్టే లింక్ మోడ్ నిమిషాల్లో అయిపోతుంది గానీ కొత్త సర్వర్ ఒకసారి స్టార్ట్ అయ్యాక పాతదాన్ని నమ్మి వాడలేరు. బ్యాకప్ లేకుండా దాని జోలికి వెళ్లొద్దు. 17 వరకు ప్లానర్ గణాంకాలు, అంటే క్వెరీని ఎలా నడపాలో తేల్చుకోవడానికి పోస్ట్‌గ్రెస్ వాడే లెక్కలు, కొత్త వెర్షన్‌కి రావు. వాటిని మళ్లీ సేకరించే అనలైజ్ నడపడం మర్చిపోతే పొద్దున్నే "అప్‌గ్రేడ్ చేశాక స్లో అయింది" అని ఫోన్లు మొదలవుతాయి, టెన్షన్ మనకు. 18 నుంచి చాలావరకు అవే వచ్చేస్తాయి.

పని ముగిశాక పాత క్లస్టర్‌ని తీసేసే స్క్రిప్ట్ ఒకటి పీజీ అప్‌గ్రేడ్ చేతికి ఇస్తుంది. కొత్త సర్వర్ నుంచి తీసిన బ్యాకప్‌ని మరో మెషీన్‌లో రీస్టోర్ చేసి చూశాకే దాన్ని నడపండి.

ఇక మీ సర్వర్ల సంగతి చెప్పండి, ప్రశ్నలుంటే అడగండి.