సంఘం డైరెక్టరీలో ఇంటి గుట్టంతా

యాంకర్: గుంటూరు నుంచి ఒక సోదరి లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: వందనాలండి. మా చర్చి సంఘం వెబ్‌సైటులో కుటుంబాల డైరెక్టరీ పీడీఎఫ్ పెట్టారు. గూగుల్లో మా ఆయన పేరు కొడితే అదే వస్తోంది. ఫొటో, డోర్ నంబరు, అందరి ఫోన్లు, పుట్టిన తేదీలు ఉన్నాయి. ఆయన పేరు పక్కన ‘కువైట్‌లో ఉద్యోగం’, పాప పేరు పక్కన హాస్టల్ పేరు. కింద ప్రార్థన అవసరత అని ‘అత్తగారి మోకాలి ఆపరేషన్’. మొన్న ఎవరో మా అత్తయ్యకు ఫోన్ చేసి, పాస్టరు గారు పంపారు, ఆపరేషన్‌కు సాయం వేస్తాం, ఓటీపీ చెప్పమన్నాడు. ఆవిడ ఫోన్ నాకివ్వబట్టి సరిపోయింది.

సలహాదారు: అమ్మా, అత్తయ్యగారికి ధైర్యం చెప్పండి. ఆపరేషన్ సంగతీ, పాస్టరు గారి పేరూ తెలిసినవాడు మాట్లాడితే ఎవరైనా నమ్ముతారు. మీ ఇంట్లో మగవాళ్లు ఊళ్లో లేరని కూడా ఆ పేజీయే చెబుతోంది. నాకు ఎక్కువ భయం కలిగించేది అదీ, పాప హాస్టల్ పేరూ.

కాలర్: తీసేయమని అడగాలంటే మొహమాటంగా ఉందండి. సంఘ పెద్దలు ఏమనుకుంటారో!

సలహాదారు: అడగండమ్మా. డైరెక్టరీ వద్దనక్కర్లేదు. ‘అయ్యగారూ, మా కుటుంబం వివరాలు వెబ్‌సైటు నుంచి తీసేయించండి, ఆఫీసు రిజిస్టరులో ఉంచుకోండి’ అని సెక్రటరీ గారికి వాట్సాప్‌లో రాసి పెట్టండి. నోటిమాట మరిచిపోతారు. మన దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేశారు, 2025 నవంబరులో దాని నియమాలు వచ్చాయి. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కు అందులో ఉంది. 18 ఏళ్లలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ప్రధాన సెక్షన్లు దశలవారీగా అమల్లోకి వస్తాయి. అయినా సంఘంలో చట్టం దాకా వెళ్లే అవసరం రాకూడదనే నా కోరిక.

యాంకర్: తీసేస్తే గూగుల్లోంచి కూడా పోతుందా?

సలహాదారు: వెంటనే పోదు. పేజీలోని లింకు తీసేసి ఊరుకుంటే చాలదు, సర్వరులో ఉన్న ఫైలునే తొలగించాలి. ఆ తర్వాత పాత ఫలితం తీసేయమని గూగుల్‌కు అభ్యర్థన పెట్టవచ్చు. ఈలోగా ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకుని ఉంటే అది మన చేతిలో లేదు. అందుకే అలాంటి ఫోన్ మళ్లీ వస్తే పెట్టేసి, పాస్టరు గారి నంబరుకు మీరే చేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.

కాలర్: మరి పుట్టినరోజు ప్రార్థనలు ఎలాగండీ? అవి ఆగిపోతే నాకూ బాధే.

సలహాదారు: ఎందుకు ఆగాలి? తేదీ, నెల చాలు, పుట్టిన సంవత్సరం అక్కర్లేదు. అచ్చువేసిన కాపీ ఇంటికొకటి ఇవ్వొచ్చు, ఆన్‌లైన్లో కావాలంటే సభ్యుల లాగిన్ పెట్టొచ్చు. అందరికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టి వాట్సాప్ గ్రూపులో వేస్తే మాత్రం తలుపు తీసి పెట్టినట్టే. ఏ వివరం వేయాలో ప్రతి కుటుంబాన్నీ విడివిడిగా అడగాలి. ఇక జబ్బుల సంగతి ఎక్కడా రాయవద్దు. ప్రార్థన కూడికలో అత్తయ్యగారే స్వయంగా చెప్పుకుంటారు.

కాలర్: ఈ ఆదివారం ఆరాధన అయ్యాక సెక్రటరీ గారిని కలుస్తానండి.

సలహాదారు: ఆదివారం దాకా ఎందుకమ్మా, ఆ మెసేజ్ ఇవాళే పెట్టండి.